తులసీదాస్ బలరామ్

తులసీదాస్ బలరామ్ (1936–2023) సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో తమిళ మూలాలున్న కుటుంబంలో పుట్టి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలు 1962 జకార్తా ఆసియా క్రీడల వరకు భారత ఫుట్‌బాల్ జట్టు ముందువరుసలో ఆడిన క్రీడాకారుడు. మైదానం ఎడమ అంచున గీత వెంబడి బంతిని తీసుకుపోయి గోలు ముందున్నవారికి అందించే ఆటగాణ్ణి లెఫ్ట్ వింగర్ లేదా లెఫ్ట్ అవుట్ అంటారు. అతనికీ నడుమ ఆడే సెంటర్ ఫార్వర్డ్‌కూ మధ్య నిలిచేవాడు లెఫ్ట్ ఇన్. బలరామ్ ఈ రెండు స్థానాల్లోనూ ఆడారు కనుక, ఆయనను ఒట్టి వింగర్‌గా మాత్రమే లెక్కగట్టిన రచనలు ఆయన చేసిన గోళ్లకు సరైన కారణం చెప్పలేకపోయాయి.

బలరామ్ ఆట రూపుదిద్దుకున్న కాలానికి హైదరాబాద్ దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ కేంద్రాల్లో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలుచుకుంది. ఆ జట్టుకూ, ఆ తరవాత భారత జట్టుకూ శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాలికి అంటిపెట్టుకుని ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుపోయే డ్రిబ్లింగ్ కంటే, ఒకటి రెండు తాకిళ్లలోనే పక్కవాడికి అందించే పొట్టి పాస్‌ల మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. అందుకే కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. బలరామ్‌ను హైదరాబాద్ జట్టుకు, అక్కడినుంచి ఒలింపిక్ జట్టుకు తీసుకున్నది రహీమే. రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956–57లో హైదరాబాద్ గెలిచినప్పుడు బలరామ్ ఆ జట్టులో ఉన్నారు.

మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశమైంది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలోనూ, కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. హైదరాబాద్ ఆట ఎక్కువగా పోలీసు, సైనిక జట్ల ఆసరాతో నడుస్తుండగా, కలకత్తాలో ఏటా నెలల తరబడి సాగే లీగు, వేల సంఖ్యలో వచ్చే ప్రేక్షకులు, పెద్ద క్లబ్బుల మధ్య పోటీ ఉండేవి. తెలుగు నేల మీద తయారైన ఆటగాడు బెంగాల్ పేరుతో ప్రసిద్ధుడు కావడానికి ఈ తేడాయే కారణం, అది ఆయన ఒక్కరి కథ కూడా కాదు. 1961లో క్లబ్బుకు నాయకత్వం వహించిన బలరామ్ కలకత్తా లీగులో 23 గోళ్లతో అందరికంటే ముందు నిలిచారు, ఆ ఏడు ఈస్ట్ బెంగాల్ లీగు విజేత కూడా అయింది. ఆ క్లబ్బు తరఫున ఆయన చేసిన గోళ్లు వందకు పైమాటే.

ఆయన ప్రతిభకు అసలైన కొలత 1960 రోమ్ ఒలింపిక్స్. హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో కూడిన బృందంలో పడిన భారత్ ఒక్క ఆటా గెలవలేదు. అయినా హంగరీతో 1–2, పెరూతో 1–3 తేడాతో ఓడినప్పుడు భారత్ చేసిన గోళ్లు రెండూ బలరామ్‌వే, ఫ్రాన్స్‌తో 1–1గా ముగిసిన ఆటలో గోలు నాయకుడు పి.కె. బెనర్జీది. ఆ హంగరీ జట్టు చివరికి కాంస్యం గెలిచింది, దాని ముందువరుసలోని ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో ఐరోపా అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఓటమి పట్టికలో ఒక గీతగా మిగిలిన హంగరీతో ఆట, వివరాల్లోకి వెళ్తే, చాలా గెలుపుల కంటే విలువైనది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యవరుసవారు, నలుగురు ముందువరుసవారు ఉండే 4–2–4 అమరికను వాడారు. కుడి అంచున బెనర్జీ, ఎడమ అంచున బలరామ్, లోపలివైపు చునీ గోస్వామి ఆడిన ఈ పద్ధతిలో బంతి పోగానే వింగర్లు వెనక్కి వచ్చి ఖాళీలు పూడ్చవలసి ఉంటుంది. లెఫ్ట్ ఇన్‌గా అలవాటున్న బలరామ్‌కు అది కొత్త పని కాదు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన భారత్, తరవాత జపాన్‌పై 2–0తో నెగ్గింది, ఆ ఆటలో ఒక గోలు బలరామ్ చేశారు. 1962 సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో అదే కొరియాపై బెనర్జీ, జర్నైల్ సింగ్ గోళ్లతో 2–1 తేడాతో గెలిచి భారత్ స్వర్ణం సాధించింది. ఆ సంవత్సరానికి బలరామ్‌కు అర్జున పురస్కారం లభించింది.

1963లో కలకత్తాలోని రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారిన బలరామ్, ఊపిరితిత్తుల పొర వాచే ప్లూరసీ వ్యాధి వల్ల, ముప్పై ఏళ్లయినా నిండకముందే ఆట మానుకున్నారు. రహీం మరణించిందీ ఆ ఏడాది జూన్‌లోనే. తరవాతి కాలంలో బలరామ్ బెంగాల్‌లో కుర్రజట్లకు శిక్షణ ఇచ్చారు, హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాలో స్థిరపడ్డారు. బెనర్జీ, చునీ, బలరామ్‌లను కలిపి త్రయంగా చెప్పుకోవడం భారత ఫుట్‌బాల్‌లో వాడుక. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ దక్కింది, బలరామ్‌కు దక్కలేదు. 2023 ఫిబ్రవరి 16న ఆయన కోల్‌కతాలో మరణించారు.