మాంసకృత్తులపై ముద్రలు

మన శరీరమందలి జీవకణములలో వేలకొలది మాంసకృత్తులు పనిచేయుచున్నవి. అవి తయారైన పిమ్మట కణము వానిపై చిన్న చిన్న రసాయనిక ముద్రలు వేయును. పెక్కింటిని, అవసరము తీరగానే తుడిచివేయును. ఆ ముద్రలను శాస్త్రజ్ఞులు చదువ నేర్చిన కథను నేడు శ్రోతలకు వినిపింతుము.

1906లో ఫీబస్ లెవీన్ గ్రుడ్డు పచ్చసొనలోని వైటెలిన్ అను మాంసకృత్తులో ఫాస్ఫేటు ఉన్నదని గుర్తించెను. అది సెరీన్ అను ఆమినో ఆమ్లమును అంటియున్నదని 1932లో ఆయనయు, ఫ్రిట్జ్ లిప్‌మనును తేల్చిరి. ఈ నడుమ 1925లో, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలసి, నీలివర్ణపు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కొలువలేని పదార్థము యొక్క రాకపోకలు ఎట్లు తెలియును?

అయినను ఆ ఫాస్ఫేటు చేయు పని బోధపడుటకు 1955 వరకు ఆగవలసి వచ్చినది. సియాటిల్ నగరమున ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరములోని ఫాస్ఫోరిలేసు అను ఎంజైమును పరిశీలించిరి. ఫాస్ఫేటు చేరిన అది మేల్కొనును, తొలగిన నిద్రించును. ఆ ఫాస్ఫేటును ఇచ్చునది ఏ.టి.పి. 1929లో లోమన్ జర్మనీలోను, ఫిస్కే-సుబ్బారావులు అమెరికాలోను వేరువేరుగా కనుగొన్న పదార్థమే అది. ఫిషర్, క్రెబ్సులకు 1992లో నోబెల్ బహుమానము లభించినది.

ముద్ర పడిన మాంసకృత్తు కొంచెము బరువెక్కును: ఫాస్ఫేటు చేరిన సుమారు 80 డాల్టనులు, ఎసిటైలు చేరిన 42. ఈ స్వల్పభేదమును పట్టి, ముద్ర పడిన చోటును చూపునది మాస్ స్పెక్ట్రోమీటరు. 2006లో మథియాస్ మన్ బృందము మానవ కణములలో 2,244 మాంసకృత్తులపై 6,600 ఫాస్ఫేటు స్థానములను నమోదు చేసినది.

ఆ కణములు ఎవరివి? 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రేతర జాతులతో సమానముగా చూడబడని నల్లజాతి స్త్రీ కాన్సరు గడ్డనుండి తీసిన హీలా కణముల సంతతి. ఆమె అనుమతిని ఎవరును అడుగలేదు. ఆ ఏడే ఆమె మరణించినది. కణములు మాత్రము ప్రయోగశాలలలో నేటికిని పెరుగుచున్నవి.

ముద్రలు అదుపు తప్పిన ప్రాణాపాయము. ఒక విధమైన రక్తపు కాన్సరులో ఒక ఎంజైము విరామము లేక ఫాస్ఫేటు ముద్రలు వేయుచుండును. దానిని అడ్డగించు ఇమాటినిబ్ అను మందు 2001లో అమెరికాలో అనుమతి పొంది, ఎందరికో ఆయువు పోసినది. ఆ మందు మ్రింగువారికి ఈ పేర్లు తెలియకపోవచ్చును. శ్రోతలకైనను తెలియవలెనని మా కోరిక. ఆ పేర్లలో, అడుగకయే తీసికొనబడిన ఆ స్త్రీ పేరును చేర్చుట న్యాయమని తలంచుచున్నాము.