అజ్ఞాత క్రేత అడుగుజాడ

పేరు చెప్పక, ఖాతా తెరువక, అంతర్జాల విపణిలో అడుగుపెట్టిన వారెవరో మొదట నీలిచీరను చూచి, పిమ్మట పచ్చచీరను చూచి, అచటినుండి నెమలికంఠపు రంగు చీరకు పోయి, మరల వెనుకకు వచ్చి ఆ పచ్చచీరనే తేరిపార చూచి, తుదకు ముదురెరుపు చీర దగ్గర ఆగినారనుకొందము. బట్టలకొట్టులో చీరలు విప్పి పరచు గుమాస్తాయే యైనచో ఆ మరలి చూచుటలోని మర్మమును కన్నులతోనే గ్రహించి, తగినవి మరి నాలుగు తీసి ముందుంచును. కన్నులు లేని యంత్రమునకు ఆ విద్య యెట్లు అబ్బినదో చెప్పునదే ఈ కథ. ఒక రాకకును పోకకును నడుమ జరిగిన ఇట్టి క్లిక్కుల వరుసకే సెషన్ అని పేరు.

ఈ విద్యకు వేళ్లు రెండు; ఆ రెండును సెయింట్ పీటర్స్‌బర్గు విజ్ఞాన పరిషత్తులోనే నాటుకొన్నవి. ప్రేగెల్ నదిపై కోనిగ్స్‌బర్గు నగరమున నున్న ఏడు వంతెనలను ఒక్కొక్కసారి మాత్రమే దాటుచు అన్నిటిని చుట్టివచ్చుట సాధ్యమా యను ప్రశ్నకు, అసాధ్యమని 1735లో ఆ పరిషత్తునెదుట నిరూపించిన గణితవేత్త ఆయిలర్, నేలలను బిందువులుగను వంతెనలను రేఖలుగను భావించు గ్రాఫుశాస్త్రమునకు పునాది వేసెను. 178 ఏండ్లకు పిమ్మట, 1913లో, గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ అదే పరిషత్తునెదుట పుష్కిన్ కావ్యమైన 'యెవ్గేనీ అనేగిన్' నుండి 20,000 అక్షరములను వరుసగా లెక్కించి, తరువాత వచ్చునది అచ్చో హల్లో యను సంభావ్యత ముందున్న అక్షరమును బట్టి మారునని చూపెను. మొదటిది ఆకృతిని చూచు దృష్టి. రెండవది క్రమమును చూచు దృష్టి.

కంప్యూటరు సిఫారసులు మొదలైన నాడు ఈ రెంటికిని ప్రాధాన్యము లేకపోయెను. 1992లో జెరాక్స్ పార్క్ పరిశోధనాలయమున వెలువడిన టాపెస్ట్రీ అను సిఫారసు వ్యవస్థ గాని, 1994 నాటి గ్రూప్‌లెన్స్ అను వ్యవస్థ గాని, అభిరుచులు తెలిసిన మనుష్యులను ఆధారము చేసికొని నడచినవి. 2006లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 10 లక్షల డాలర్ల బహుమానము ప్రకటించినప్పుడును, పోటీదారుల చేతికిచ్చినది ఏ చందాదారు ఏ చిత్రమునకు ఎన్ని తారలిచ్చెనో చెప్పు పట్టికయే. నిన్న ఏమి మెచ్చినారో తెలియని మనిషికి ఆ విద్యలో చోటు లేదు. అమెజాన్ పరిశోధకులు 2003లో వివరించిన వస్తువునకు వస్తువును జతపరచు పద్ధతి అపరిచితునికి కొంత అక్కరకు వచ్చినను, ఎదుటనున్న వస్తువును చూచునే గాని అచటికి వచ్చిన త్రోవను చూడలేకపోయెను.

2015లో సిఫారసు వ్యవస్థలకు సంబంధించిన రెక్‌సిస్ సదస్సు పోటీకై యూచూస్ సంస్థ ఒక ఐరోపా వర్తకుని అంగడిలోని ఆరు నెలల క్లిక్కులను వెలువరించెను. అందు 92 లక్షలకు పైగా సెషన్లు, 3 కోట్ల 30 లక్షల క్లిక్కులు కలవు. వినియోగదారుని పేరు మాత్రము లేదు. మరుసటి యేడు బుడాపెస్టుకు చెందిన బలాజ్ హిదాశి, అతని సహచరులు, క్లిక్కులను ఒకదాని వెంట నొకటి జ్ఞప్తియందుంచుకొనుచు సాగు పునరావృత న్యూరల్ నెట్‌వర్కును ఈ పనికి నియోగించిరి. మార్కోవ్ క్రమదృష్టి ఇట్లు కొత్త బలమును సంతరించుకొన్నది. కాని వారి యంత్రము నడకను ఒక తిన్నని దారముగనే చూచినది. పచ్చచీరకు మరలివచ్చుట దానికి వరుసలో ఇంకొక క్లిక్కు మాత్రమే.

ఇక ఆకృతిదృష్టి వైపున, ఇటలీలోని సియెనా విశ్వవిద్యాలయమున ఫ్రాంకో స్కార్సెల్లి మొదలగువారు 2009 నాటికే గ్రాఫు మీద నేరుగా నేర్చుకొను న్యూరల్ నెట్‌వర్కును సవిస్తరముగ ప్రతిపాదించియుండిరి. 2019 ఆరంభమున హొనలూలూలో జరిగిన ట్రిపుల్ ఏఐ అను కృత్రిమ మేధా సదస్సునకు షు వూ ప్రభృతులు సమర్పించిన ఎస్ఆర్-జీఎన్‌ఎన్ అను పద్ధతిలో ఆ రెండు దృష్టులును కలిసికొన్నవి.

మన అజ్ఞాత క్రేత నడకనే ఆ పద్ధతి కంటితో చూతము. క్లిక్కులు ఐదు, బిందువులు నాలుగే, ఏలయన పచ్చచీర రెండుమార్లు వచ్చినను బిందువు ఒక్కటే. నీలి నుండి పచ్చకు, పచ్చ నుండి నెమలికంఠమునకు, మరల అచటినుండి పచ్చకు, పచ్చ నుండి ఎరుపునకు బాణములు నాలుగు. పచ్చనుండి వెలువడునవి రెండు గావున ఒక్కొక్కదాని బరువు సగము. ప్రతి బిందువునకును ఒక సంఖ్యల వరుస కలదు. బాణముల వెంట ఇరుగుపొరుగు బిందువుల సమాచారము వచ్చి చేరగా, పాతదానిలో ఎంత నిలుపవలెనో, కొత్తదానిలో ఎంత గ్రహింపవలెనో నెట్‌వర్కులోని ద్వారములు నిర్ణయించును. అట్లు పరిపక్వమైన బిందువులలో దేనికెంత ప్రాధాన్యమో తూచి, నడక మొత్తము మీది మక్కువను చివరి క్లిక్కునాటి కోరికతో మేళవించి, అంగడిలోని ప్రతి వస్తువునకును మార్కులు వేయును.

ఈ విద్యకు లోపములు లేకపోలేదు. వేర్వేరు నడకలు రెండు ఒక్కొక్కప్పుడు ఒకే గ్రాఫుగ మారి క్రమము కొంత చెడునని గమనించి, దానిని సరిదిద్దుటకు హాంకాంగు పరిశోధకులు 2020లో పూనుకొనిరి. అదే యేట మరికొందరు ఇతర సెషన్ల గ్రాఫును గూడ జోడించిరి. సమీప సెషన్లను వెదకి పోల్చు సరళ పద్ధతులు సైతము పలుచోట్ల న్యూరల్ నెట్‌వర్కులకు సరితూగినవని పరిశోధకులు యానక్, లుడ్‌విగ్ 2017లోనే చూపిరి. ఆ హెచ్చరిక నేటికిని శిరోధార్యమే.

అయినను ఈ చరిత్రలో నా మనస్సును ఆకట్టుకొన్నది ఒకటి కలదు. పేరు, ఊరు, వయస్సు, నిరుటి కొనుగోళ్లు తెలిసికొననిదే సేవ చేయలేమని వర్తకలోకము దీర్ఘకాలము నమ్మినది. కాని పైని లెక్కలో వాటిలో ఏ యొక్కటియు లేదు. మనిషిని ఆరా తీయక, ఆ క్రేత మనస్సు ఒకచో తడబడి వెనుకకు మరలినదని గుర్తించి, ఆ గుర్తింపునే మర్యాదగా భావించు విద్య ఇది. పచ్చచీర వైపు మరలిన ఆ ఒక్క బాణమును గ్రాఫులో గీయగలుగుటయే దాని సారము.