సింగపూర్: ఇంట్లో జాతుల లెక్క, పొరుగుతో రాయబారం

సింగపూర్‌లో హెచ్.డి.బి. రీసేల్ ఫ్లాటు కొనబోయిన మనవాళ్ళకి ఒక అనుభవం మామూలే. ఏజెంటు ధర మాట్లాడే లోపే, ఆ బ్లాకులో 'ఇండియన్ కోటా' ఉందో లేదో చూడాలంటాడు. తెలుగు, తమిళం, గుజరాతీ అని మనలో మనకి ఎన్ని తేడాలున్నా ఆ కోటాలో అందరిదీ ఒకటే గడి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది వింతగా తోస్తుంది, ఇల్లు చేజారినవాళ్ళకి కోపం కూడా వస్తుంది. అసలీ లెక్క ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1964 దాకా వెనక్కి వెళ్ళాలి.

1963 సెప్టెంబరు 16న సింగపూర్ మలేషియా సమాఖ్యలో చేరింది. సింగపూర్‌లో చైనీయులు ఎక్కువ, సమాఖ్య రాజకీయాల్లో మలే వారిది పైచేయి. రెండు వైపులా పార్టీలు పోటీలు పడి మాట్లాడటంతో వాతావరణం వేడెక్కింది. 1964 జూలై 21న ప్రవక్త జన్మదిన ఊరేగింపు పడాంగ్ నుండి గేలాంగ్ వైపు సాగుతుండగా గొడవ మొదలై ఊరంతా పాకింది. సెప్టెంబరులో మరోసారి అల్లర్లు జరిగాయి. రెండు విడతల్లో కలిపి 36 మంది చనిపోయారు, 500 మందికి పైగా గాయపడ్డారు. ఏడాది దాటేసరికి, 1965 ఆగస్టు 9న, సింగపూర్ సమాఖ్య నుండి విడిపోయింది.

అదే సమయంలో మలేషియా ఏర్పాటుని వ్యతిరేకిస్తూ ఇండోనేషియా 'కన్‌ఫ్రంటాసి' పేరుతో దాడులు సాగిస్తోంది. 1965 మార్చి 10న ఆర్చర్డ్ రోడ్డులోని మెక్‌డొనాల్డ్ హౌస్‌లో బాంబు పేలి ముగ్గురు మరణించారు.

కొత్త దేశం పరిస్థితి ఇదీ: జనాభాలో నాలుగింట మూడొంతులు చైనీయులు, అటూ ఇటూ మలే, ముస్లిం జనాభా అధికంగా ఉన్న పెద్ద దేశాలు. ఇంట్లో ఒక జాతికి అన్యాయం జరిగిందన్న మాట పుడితే అది మర్నాటికి సరిహద్దు దాటుతుంది. అందుకే సింగపూర్ విదేశాంగ విధానాన్ని, ఇళ్ళ కేటాయింపుని వేరువేరుగా చదివితే సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

తొలి విదేశాంగ మంత్రి ఎస్. రాజరత్నం జాఫ్నాలో పుట్టిన తమిళుడు. 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసిన శ్రీలంక ఆ తరువాత ఎంత మూల్యం చెల్లించిందో మనకందరికీ తెలుసు. సింగపూర్ మాత్రం మెజారిటీ భాషని నెత్తిన పెట్టుకోలేదు. మలే, చైనీస్, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలయ్యాయి, జాతీయ భాష మలే. ఇక్కడి బడికి వెళ్ళే మన పిల్లలు పాడే జాతీయ గీతం కూడా మలే భాషలోదే.

బయటి వ్యవహారాల్లోనూ ఇదే జాగ్రత్త. సైన్యం కట్టుకోవడానికి సాయం చేసిన ఇజ్రాయెల్ సలహాదారులని ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని 'మెక్సికన్లు' అని చెప్పుకున్నారు! చైనాతో దౌత్య సంబంధాల విషయంలో ఆగ్నేయాసియా పొరుగువారందరి తరువాతే తమ వంతు అన్నారు. 'మూడో చైనా' అన్న ముద్ర పడకూడదని ఆ పట్టుదల. ఇండోనేషియా 1990 ఆగస్టులో చైనాతో సంబంధాలు పునరుద్ధరించుకున్నాక, అదే ఏడాది అక్టోబరు 3న సింగపూర్ సంతకం చేసింది.

అన్నిటికన్నా గుర్తుంచుకోదగ్గది ఇండోనేషియాతో జరిగినది. మెక్‌డొనాల్డ్ హౌస్ బాంబు కేసులో ఉస్మాన్, హరూన్ అనే ఇద్దరు ఇండోనేషియా నౌకాదళ సైనికులని, అధ్యక్షుడు సుహార్తో క్షమాభిక్ష కోరినా ఒప్పుకోకుండా, 1968 అక్టోబరు 17న ఉరితీశారు. జకార్తాలో సింగపూర్ రాయబార కార్యాలయంపై జనం దాడిచేశారు. ఆ ఇద్దరూ అక్కడ జాతీయ వీరులయ్యారు. సంబంధాలు చల్లబడ్డాయి. 1973లో ప్రధాని లీ క్వాన్ యూ జకార్తా వెళ్ళినప్పుడు కలిబాటా వీరుల శ్మశానంలో ఆ ఇద్దరి సమాధులపై పూలు చల్లారు. తన పౌరులని చంపినవారి సమాధుల మీద పూలు చల్లడం ఏ నాయకుడికైనా తేలిక కాదు. శిక్ష విషయంలో తగ్గలేదు, ఎదుటివారి మనసుని కాదనలేదు. ఆ పనితో రెండు దేశాల మధ్య దారి తెరుచుకుంది. అయినా గాయం పూర్తిగా మానలేదు. 2014లో ఇండోనేషియా ఒక యుద్ధనౌకకి ఆ ఇద్దరి పేర్లు పెట్టినప్పుడు సింగపూర్ గట్టిగా అభ్యంతరం చెప్పి, ఆ నౌకని తన రేవులకి రానివ్వనంది.

ఇక ఇళ్ళ సంగతి. పేటలవారీగా జాతులు మళ్ళీ గుమిగూడటం 1980లలో ప్రభుత్వం కంటపడింది. 1989 మార్చి 1 నుండి హెచ్.డి.బి. ఇళ్ళకి జాతుల పరిమితి వచ్చింది. ఇండియన్, ఇతరుల వాటా మొదట పేటలో 10 శాతం, బ్లాకులో 13 శాతం. 2010లో దాన్ని 12, 15 శాతాలకి పెంచారు. అదే ఏడాది మలేషియన్లు కాని పి.ఆర్. కుటుంబాలకి పేటలో 5, బ్లాకులో 8 శాతం అని మరో పరిమితి కూడా తెచ్చారు. మనవాళ్ళలో చాలామందికి ఈ రెండో లెక్క తెలియదు.

దీని భారం అందరి మీదా సమానంగా పడదు. బ్లాకులో చైనీయుల కోటా నిండిపోతే ఇండియన్ యజమాని చైనీయులకి అమ్మలేడు. కొనేవాళ్ళు తగ్గి ధర కూడా తగ్గుతుంది. ఈ ఇబ్బంది ప్రభుత్వమూ ఒప్పుకున్నదే. బొత్తిగా అమ్ముడుపోని సందర్భాల్లో ఇంటిని హెచ్.డి.బి.యే కొనే ఏర్పాటు 2022లో ప్రకటించారు. మిశ్రమ వివాహాలు పెరుగుతున్న రోజుల్లో ఈ గడులు ఎంతకాలం నిలుస్తాయన్న వాదన కూడా ఉంది. నా మటుకు, అమ్మకంలో నష్టపోయినవాళ్ళకి 1964 కథ చెప్పి ఊరుకోవడం సరికాదనిపిస్తుంది. అలాగని ఆ కథ తెలియకుండా కోటాని తిట్టడమూ సరికాదు.

కొనేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. కోటా నిండిన బ్లాకులో కూడా ఇండియన్ నుండి ఇండియన్ కొనుక్కోవచ్చు, ఎందుకంటే వాటా మారదు. పి.ఆర్. కుటుంబాలు మాత్రం రెండో పరిమితి కూడా చూసుకోవాలి. భార్యాభర్తలు వేర్వేరు జాతులవారైతే ఇద్దరిలో ఎవరి జాతినైనా ఎంచుకోవచ్చు. పరిమితి వివరాలు హెచ్.డి.బి. వెబ్‌సైటులో బ్లాకు నంబరు కొడితే వస్తాయి. అడ్వాన్సు ఇచ్చే ముందే చూసుకోండి.