ధర్మాబాద్

ధర్మాబాద్ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం. అదే పేరుగల తాలూకాకు కేంద్రం. గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతంలో, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం మీద ఉంది. జిల్లా కేంద్రమైన నాందేడ్ పడమటి దిక్కున సుమారు 70 కిలోమీటర్ల దూరం. తూర్పున తెలంగాణలోని బాసర అంతకంటే చాలా దగ్గర, రైల్లో తర్వాతి ముఖ్యమైన స్టేషన్. పరిపాలనలో మరాఠ్వాడాకు, మాటలో, సంతలో, బంధుత్వాల్లో తెలంగాణకు చెందిన ఈ పట్టణం పేరు తెలుగు పత్రికల్లో ఎక్కువగా బాబ్లీ బ్యారేజీ వివాదంతోనే కనబడుతుంది. దీని చరిత్ర మాత్రం అంతకు చాలా ముందునుంచే రెండు భాషా ప్రాంతాలతో ముడిపడి ఉంది.

తొలి చరిత్ర

పట్టణం పుట్టుకను విడిగా చెప్పే ప్రాచీన ఆధారాలు పలుచన. చుట్టుపక్కల నేల చరిత్ర మాత్రం గట్టిది. బౌద్ధ వాఙ్మయం పేర్కొన్న అశ్మక జనపదం ఈ గోదావరి నడిమి ప్రాంతమేనని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. దాని రాజధాని పోదన ఏదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. నిజామాబాద్ జిల్లాలోని బోధనే పోదన అన్న వాదానికి మద్దతు ఎక్కువ, పేరు పోలికా దానికే అనుకూలం. బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో వచ్చే బావరి అనే గురువు ఆశ్రమాన్ని కొందరు నిర్మల్ వైపు బాదనకుర్తిలోనూ, మరికొందరు గోదావరీ తీరంలో వేరేచోటా గుర్తించారు. ఈ గుర్తింపుల్లో ఏది నిలిచినా ధర్మాబాద్ పరిసరాలు ఆ జనపదం హద్దుల్లోనే ఉండి ఉండాలి.

మధ్యయుగాల్లో ఈ ప్రాంతం రాష్ట్రకూటుల, తర్వాత కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉంది. జిల్లా నైరుతి భాగంలోని కంధార్ రాష్ట్రకూటులతోనూ, దక్షిణాన దెగ్లూర్ తాలూకాలోని హొట్టల్ ఆలయాలు చాళుక్య శిల్పంతోనూ ముడిపడినవి. ఆపైన దేవగిరి యాదవులు, బహమనీలు, మొఘలులు పాలించారు. 1724 తర్వాత అసఫ్‌జాహీల పాలన మొదలై 1948 వరకు సాగింది.

నిజాం కాలంలో

నిజాం రాజ్యంలో ఈ ప్రాంతం ఏ జిల్లా కింద ఉండేదన్న ప్రశ్నకు జవాబు కాలాన్నిబట్టి మారుతుంది. ముధోల్ తాలూకా మొదట ఇందూరు (నేటి నిజామాబాద్) జిల్లాలో ఉండి, 1905 నాటి పునర్వ్యవస్థీకరణలో నాందేడ్ జిల్లాకు మారినట్లు గెజెటీర్ సంకలనాలు చెబుతాయి. ధర్మాబాద్ కూడా ముధోల్ తాలూకాలోదేనన్న కథనం ఒకటి, మొదటినుంచీ బిలోలిదేనన్న కథనం మరొకటి వినిపిస్తాయి. బిలోలి నదికి ఆవలి ఒడ్డున ఉంది. ధర్మాబాద్, బాసర, ముధోల్ ఈవలి ఒడ్డున ఒకే వరుసలో ఉన్నాయి. నేల తీరునుబట్టి చూస్తే మొదటి కథనమే సమంజసంగా తోస్తుంది. అప్పట్లో నాందేడ్, ఇందూరు రెండూ ఒకే రాజ్యంలోని జిల్లాలు. దఫ్తరాల్లో నడిచినది ఉర్దూ. కాబట్టి తాలూకా అటుమారినా ఇటుమారినా జనం రాకపోకలకు అడ్డు ఉండేది కాదు.

ఊరు ఎదగడానికి ప్రధాన కారణం రైలు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వేసిన హైదరాబాద్–గోదావరి వ్యాలీ మార్గం 1899–1901 మధ్య దశలవారీగా తెరుచుకుంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా 391 మైళ్ల మీటర్‌గేజ్ అది. నిజామాబాద్ దాటి బాసర దగ్గర గోదావరిని దాటి, ధర్మాబాద్, కర్‌ఖేలి, ఉమ్రి, ముద్‌ఖేడ్ మీదుగా నాందేడ్ చేరుతుంది. పత్తి, జొన్న, మిరప పండే నేలకు ఒకవైపు హైదరాబాద్, మరోవైపు బొంబాయి మార్కెట్లు ఒకే పట్టాల మీద అందాయి. ఈ మార్గంలోని చాలా ఊళ్లలాగే ధర్మాబాద్‌లోనూ వ్యాపారం స్టేషన్ చుట్టూ పెరిగింది. తర్వాతి కాలంలో మార్గం బ్రాడ్‌గేజ్‌గా మారింది. ధర్మాబాద్–మన్మాడ్ మరాఠ్వాడా ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచే బయలుదేరుతుంది.

విమోచనోద్యమం

హైదరాబాద్ సంస్థాన విమోచనోద్యమంలో ఈ రైలు మార్గం వెంబడి జరిగిన ఘటనల్లో ప్రసిద్ధమైనది ఉమ్రి బ్యాంకు దాడి. 1948 జనవరి 30న స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు ఉమ్రిలోని హైదరాబాద్ స్టేట్ బ్యాంకు శాఖపై దాడిచేసి, అక్కడి సొమ్మును ఉద్యమం కోసం తరలించారు. గాంధీజీ హత్య జరిగిన రోజే కావడంతో దేశం దృష్టి దీనిపై పడలేదు. సొమ్ము ఇరవై లక్షలకు పైబడినదని చాలా కథనాలు అంగీకరిస్తాయి, కచ్చితమైన మొత్తం దగ్గర మాత్రం తేడాలున్నాయి. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని ఉద్యమానికి సరిహద్దు శిబిరాలు నడపడంలో ఈ ధనం ఆసరా అయిందని మరాఠ్వాడా చరిత్రకారులు రాశారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటుతో ఈ ప్రాంతం భారత యూనియన్‌లో చేరింది. ఆ రోజును మరాఠ్వాడా నేటికీ ముక్తి సంగ్రామ దినంగా జరుపుకుంటుంది.

1956 సరిహద్దు

ధర్మాబాద్ నేటి స్వరూపాన్ని నిర్ణయించినది 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం. ఈ ఊరి గురించి రాసేవారు సాధారణంగా ఒక్క వాక్యంతో దీన్ని దాటేస్తారు. అది న్యాయం కాదు.

పునర్వ్యవస్థీకరణ సంఘం మామూలుగా జిల్లానే ఒక యూనిట్‌గా తీసుకోవాలని భావించింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడదీసేటప్పుడు మాత్రం కొన్నిచోట్ల జిల్లాకు, తాలూకాకు కూడా దిగువనున్న రెవెన్యూ సర్కిల్ వరకు వెళ్లి గీత గీశారు. చట్టం ప్రకారం నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. అందులోంచి దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను మినహాయించారు. ఈ ఐదు సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దీనికి ఎదురుగా ఆదిలాబాద్ జిల్లానుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయికి వెళ్లాయి.

ఆ విధంగా, ధర్మాబాద్ ముధోల్ తాలూకాలోదన్న కథనం ప్రకారం, ఒకే తాలూకా కింద ఒకే కచేరీకి వెళ్లే ఊళ్లు 1956 నవంబరు 1న రెండు రాష్ట్రాల ఊళ్లయ్యాయి. ముధోల్, భైంసా, బాసర ఆదిలాబాద్ జిల్లాలో చేరగా, ధర్మాబాద్ నాందేడ్‌లో నిలిచి బిలోలి తాలూకా కింద నడిచింది. సర్కిల్ వరకు వెళ్లి గీసినా ఆ గీత భాషను పూర్తిగా విడదీయలేకపోయింది. భైంసా, ముధోల్ వైపు మరాఠీ మాట్లాడేవారు ఉండిపోయారు, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగువారు ఉండిపోయారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు ఈ గీత మారలేదు. 2014లో తెలంగాణ ఏర్పడినా, 2016 అక్టోబరులో నిర్మల్ జిల్లా, బాసర మండలం ఏర్పడినా ఆవలి పేర్లే మారాయి.

బాబ్లీ బ్యారేజీ

ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ (మరాఠీలో బాభళీ) గ్రామం వద్ద గోదావరిపై మహారాష్ట్ర నిర్మించిన బ్యారేజీ ఇది. రాష్ట్ర సరిహద్దుకు సుమారు 7 కిలోమీటర్ల ఎగువన, పోచంపాడు వద్ద ఉన్న శ్రీరామసాగర్ ఆనకట్టకు సుమారు 81 కిలోమీటర్ల ఎగువన ఉంది. నిల్వ సామర్థ్యం 2.74 టీఎంసీలు.

వివాదం మూలాలు మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య 1975 అక్టోబరు 6న కుదిరిన ఒప్పందంలో ఉన్నాయి. పైఠణ్ ఆనకట్ట, పూర్ణా నదిపై సిద్ధేశ్వర్ ఆనకట్ట దిగువనుంచి పోచంపాడు వరకు కొత్త అవసరాలకు 60 టీఎంసీల దాకా వాడుకునే హక్కు మహారాష్ట్రకు దక్కింది. పోచంపాడు జలాశయపు నీటిమట్టం 1,091 అడుగులకు, దానివల్ల తన భూభాగంలో కలిగే ముంపుకు మహారాష్ట్ర సమ్మతించింది. గోదావరి జలాల వివాదంపై బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చిన 1980 తుది తీర్పులో ఈ ఒప్పందం భాగమైంది. బాబ్లీ తన 60 టీఎంసీల వాటాలోనిదేనని మహారాష్ట్ర వాదించింది. పోచంపాడు జలాశయం వ్యాపించే చోటనే బ్యారేజీ కడితే తమ నిల్వనే తోడుకున్నట్లవుతుందని ఆంధ్రప్రదేశ్ వాదించి, 2006లో సుప్రీంకోర్టులో దావా వేసింది. నిర్మాణం సాగించవచ్చుగానీ గేట్లు బిగించరాదని 2007లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

2010 జూలైలో చంద్రబాబు నాయుడు నాయకత్వంలో తెలుగుదేశం ప్రజాప్రతినిధులు బాబ్లీని చూడటానికి బయలుదేరగా పోలీసులు అదుపులోకి తీసుకుని ధర్మాబాద్‌లోని ఐటీఐ భవనంలో ఉంచారు. వారి సంఖ్యను అరవై పైచిలుకు అని కొందరు, డెబ్బై పైచిలుకు అని కొందరు రాశారు. కొన్ని రోజుల తర్వాత వారిని ఔరంగాబాద్ మీదుగా హైదరాబాద్ పంపించారు. ఈ ఘటనపై పెట్టిన కేసులోనే 2018 సెప్టెంబరులో ధర్మాబాద్ కోర్టు నాన్ బెయిలబుల్ వారంట్లు జారీచేసింది.

ఆంధ్రప్రదేశ్ వేసిన దావాపై సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆర్.ఎం. లోధా, టి.ఎస్. ఠాకూర్, అనిల్ ఆర్. దవేల ధర్మాసనం 2013 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది. బ్యారేజీని ఆపలేదుగానీ మూడు షరతులు పెట్టింది. నిల్వ 2.74 టీఎంసీలు మించకూడదు. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచి వర్షాకాలపు ప్రవాహాన్ని అడ్డుకోకూడదు. బాబ్లీ, పోచంపాడు జలాశయాలకు ఉమ్మడిగా ఉన్న 0.6 టీఎంసీలకు బదులుగా ఏటా మార్చి 1న అంతే నీటిని దిగువకు వదలాలి. అమలు చూడటానికి కేంద్ర జల సంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించింది. ఏటా ఇరు రాష్ట్రాల ఇంజనీర్ల సమక్షంలో గేట్లు ఎత్తడం, దించడం అప్పటినుంచీ సాగుతోంది.

ఈ తీర్పుతో ఎవరికి ఎంత లాభమన్న విషయంలో అభిప్రాయాలు నేటికీ వేరు. వానలు తగ్గాక అక్టోబరు చివర గేట్లు దించితే బ్యారేజీ నిండేదెలాగని ధర్మాబాద్ వైపు రైతులు అడుగుతారు. ఎగువ ఆనకట్టలన్నీ కలిసి పోచంపాడును ఎండబెడుతున్నాయని దిగువ రైతులు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. శ్రీరామసాగర్‌కు వచ్చే నీటిలో బాబ్లీ ఒక్కదాని పాత్రను మాత్రం రాజకీయ ప్రసంగాలు ఉన్నదానికంటే పెద్దది చేశాయని 2.74, 60 అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

పరిపాలన

పట్టణ పాలన నగర పరిషత్‌ది. మహారాష్ట్ర పురపాలక చట్టం 1965 కింద ఎన్నికైన సభ్యులు, అధ్యక్షుడు, ప్రభుత్వం నియమించే ముఖ్యాధికారి దీన్ని నడుపుతారు. 1990ల చివర నాందేడ్ జిల్లాలో కొత్త తాలూకాలు ఏర్పడినప్పుడు బిలోలినుంచి విడిపోయి ధర్మాబాద్ తాలూకా కేంద్రమైంది. జిల్లాలోని 16 తాలూకాల్లో ఇది ఒకటి. తహసీల్దారు కచేరీ, మొదటి శ్రేణి మేజిస్ట్రేట్ కోర్టు, పంచాయతీ సమితి ఇక్కడ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. మహారాష్ట్రలో తాలూకా, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ వరుస అలాగే ఉంది. అందుచేత బాసరవారు మండల కచేరీకి వెళ్లే పనికి, పక్కనే ఉన్న ధర్మాబాద్ పల్లెవారు తాలూకాకు వస్తారు. శాసనసభకు నాయ్‌గావ్, లోక్‌సభకు నాందేడ్ నియోజకవర్గం.

2018లో తాలూకాలోని సుమారు నలభై గ్రామాలు తమను తెలంగాణలో కలపాలని కోరినట్లు పత్రికలు రాశాయి. పంట పెట్టుబడికి రైతుబంధు, వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు, ఆసరా పింఛన్లు కొద్ది కిలోమీటర్ల అవతల అందడమే ఇందుకు కారణంగా చెప్పారు. మరుసటి ఏడాది జిల్లా సరిహద్దు నియోజకవర్గాల నాయకులు హైదరాబాద్ వెళ్లి అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కలిశారు. దీన్ని భాషోద్యమంగా వర్ణించినవారూ ఉన్నారు. ముందుకు వచ్చిన కోరికలను చూస్తే సాగు ఖర్చు, కరెంటు, పింఛను అన్నవే ముఖ్యమని అర్థమవుతుంది.

వాణిజ్యం, జనజీవనం

ధర్మాబాద్ ఎండుమిరప వ్యాపారానికి, కారం మిల్లులకు చుట్టుపక్కల జిల్లాల్లో పేరుపొందింది. పత్తి, సోయాబీన్, కంది తాలూకా ముఖ్య పంటలు. బాలాపూర్ వద్ద పయొనీర్ డిస్టిలరీస్ సంస్థ నెలకొల్పిన కర్మాగారం ఉంది. అధికార భాష మరాఠీ. బజారులో మరాఠీ, తెలుగు, దక్కనీ ఉర్దూ మూడూ నడుస్తాయి, ఒకే బేరంలో మూడూ వినిపించడం ఇక్కడ మామూలు. పెళ్లి సంబంధాలు నిజామాబాద్, నిర్మల్ వైపు విస్తారం.

చూడదగినవి

పట్టణంలో కంటే పరిసరాల్లో చూడవలసినవి ఎక్కువ. బాసరలోని జ్ఞాన సరస్వతి ఆలయం అక్షరాభ్యాసాలకు ప్రసిద్ధం, మహారాష్ట్ర నుంచి రైల్లో వచ్చే భక్తులు ధర్మాబాద్ మీదుగానే వెళ్తారు. గోదావరిలో మంజీర కలిసే కందకుర్తి సంగమం నిజామాబాద్ జిల్లాలో ఉంది, పుష్కరాలప్పుడు రెండు రాష్ట్రాల జనం అక్కడ స్నానాలు చేస్తారు. నదికి ఆవల బిలోలిలో మొఘల్ కాలానిదని చెప్పే రాతి మసీదు, దెగ్లూర్ తాలూకాలో హొట్టల్ సిద్ధేశ్వరాలయం, కంధార్ కోట, ఇస్లాపూర్ దగ్గర పెన్‌గంగపై సహస్రకుండ్ జలపాతం ఉన్నాయి. నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన చోట తఖ్త్ సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్ వెలసింది.

పరిశోధన

ధర్మాబాద్ మీద తెలుగులో వచ్చిన రచనలు బాబ్లీ దగ్గరే ఆగిపోతాయి. మరాఠీలో వచ్చినవి విమోచనోద్యమం మీద ఎక్కువ నిలుస్తాయి. పట్టణం పూర్తి చరిత్ర రాయాలంటే నాందేడ్ జిల్లా దఫ్తరాలతోపాటు పాత ఇందూరు, ఆదిలాబాద్ జిల్లాల ఉర్దూ రికార్డులనూ, రైల్వే నివేదికలనూ కలిపి చదవాలి. 1956లో విడిపోయిన సర్కిళ్ల గ్రామాల జాబితాలు, నాటి పెద్దల జ్ఞాపకాలు ఇరువైపులా సేకరించడం అందులో మొదటి పని. ఆ పని మరాఠీ, తెలుగు, ఉర్దూ మూడూ వచ్చినవారి చేతిలోనే సవ్యంగా సాగుతుంది, అలాంటివారు ఈ తాలూకాలోనే ఉన్నారు.