బెల్లం రంగు, కాఫీ కాయితం

మాది రావికమతం. చోడవరం నుంచి నర్సీపట్నం పోయే రోడ్డు మీద వస్తుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఒకపక్క చెరకు తోటలు, ఇంకోపక్క కొండలు. మా చెరకు బెల్లమై అనకాపల్లి పోతుంది. ఆ కొండల పైన పాడేరు, చింతపల్లి ఏజెన్సీలో పండే కాఫీ మాత్రం పారిస్ దాకా పోతుంది. మట్టి, వాన, పంట అన్నీ వేరే, ఒప్పుకుంటాను. కానీ నాకు ఆసక్తిగా అనిపించే తేడా ఇంకొకటి ఉంది. కాఫీతో పాటు ఒక కాయితం వెళ్తుంది, బెల్లంతో వెళ్ళదు.

ముందు బెల్లం సంగతి. అనకాపల్లి మార్కెట్టు ధరలు పేపర్లో చూసే ఉంటారు. మొదటి రకం ఇంత, రెండో రకం ఇంత, మూడో రకం ఇంత అని వేస్తారు. ఈ రకాలు తేల్చేది ల్యాబు కాదు, వేలంలో కొనేవాడి కన్ను. దిమ్మ పచ్చగా మెరిస్తే మంచి ధర. అంచేత వండేటప్పుడు పెనంలో హైడ్రోసు (సోడియం హైడ్రోసల్ఫైటు) వేయడం అలవాటయింది. మందు వేయని బెల్లం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి ధర తక్కువ. ఇందులో రైతుని తిట్టి లాభం లేదు. కొనేవాడు ఏది కొలిస్తే అమ్మేవాడు అదే తయారు చేస్తాడు. నెలకి ఎన్ని బగ్గులు మూసేశారో లెక్కపెట్టే మేనేజరు కింద పనిచేసిన వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.

సరుకు మీద ముద్ర వేసి నమ్మకం కలిగించడం కొత్తేమీ కాదు. 1937లోనే బ్రిటిష్ ప్రభుత్వం వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు, మార్కింగు చట్టం తెచ్చింది. మన అమ్మలు నెయ్యి డబ్బా మీద వెతికే ఆగ్‌మార్కు దాని బిడ్డే. చాలా సరుకులకి అది ఇష్టమైతేనే, బలవంతం లేదు. కానీ ఆగ్‌మార్కు చూసేది సరుకుని. కల్తీ ఉందా లేదా, అంతే. ఎవరు పండించారు, వాళ్ళకి ఎంత ముట్టింది, అడవి ఏమైంది అన్నవి దాని పరిధిలో లేవు.

ఆ ప్రశ్నలు అడిగే ముద్రలు బాగా పేరు తెచ్చుకున్నది కాఫీతోనే. 1988లో హాలెండులో మాక్స్ హావెలార్ అనే ముద్ర మొదలైంది. జావాలో డచ్చివాళ్ళ కింద రైతులు పడ్డ బాధల మీద 1860లో వచ్చిన ఒక నవల పేరది. మెక్సికోలో చిన్న రైతులు పండించిన కాఫీకి కనీస ధర ఇస్తాం, ఆ సంగతి పొట్లం మీద చెప్తాం అన్నది దాని ఆలోచన. మరుసటి ఏడాదే, 1989 జులైలో, అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న కోటాలు కూలిపోయాయి. అప్పటిదాకా దేశాలు కూర్చుని ఎవరు ఎంత ఎగుమతి చెయ్యాలో మాట్లాడుకునేవి. అది పోయాక ధర కుప్పకూలింది. మన దగ్గర కూడా రైతు దగ్గర కాఫీ మొత్తం కాఫీ బోర్డే తీసుకుని అమ్మే పద్ధతి 1990ల్లో మెల్లగా ఎత్తేశారు. నా లెక్క ప్రకారం ఈ స్వచ్ఛంద ప్రమాణాల చరిత్రలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ప్రభుత్వాలు చేతులెత్తేసిన చోట కాయితం వచ్చి కూర్చుంది. దాన్ని అంతకు మించి పొగడటమూ, ఒట్టి మోసమని కొట్టిపారేయటమూ రెండూ తప్పే.

ఇక మన కొండలు. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో గోదావరి జిల్లా పాములేరు లోయలోకి వచ్చింది. విశాఖ ఏజెన్సీలో 1960ల్లో అటవీశాఖ తోటలు వేసింది. తర్వాత పోడుకి బదులుగా గిరిజన రైతులకి సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ అలవాటు చేశారు. కొనడానికి 1956లో పుట్టిన జీసీసీ ఉంది, షావుకార్లు ఎలాగూ ఉన్నారు. 1998లో హైదరాబాదులో మొదలైన నాంది ఫౌండేషన్ అరకు రైతులతో కలిసి పనిచేసి, వాళ్ళ పేరునే సహకార సంఘం పెట్టించి, సేంద్రియ సర్టిఫికెట్టు తెప్పించింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కొట్టు తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వినడానికి బాగుంది కదా? కాయితం వెనక పని చూడండి. మన దేశపు సేంద్రియ ప్రమాణం ఎన్‌పీఓపీ 2001 నుంచి అమల్లో ఉంది. కాఫీ లాంటి బహువార్షిక పంటకి మామూలుగా మూడేళ్ళ మార్పిడి కాలం. తాతల నాటి నుంచీ యూరియా మొహం చూడని రైతు కూడా తను వాడలేదని నిరూపించుకోవాలి! ఒక్కొక్కడికీ విడిగా తనిఖీ అంటే ఖర్చు భరించలేరు కాబట్టి 25 నుంచి 500 మందిని ఒక గుంపుగా చేసి, లోపల వాళ్ళలో వాళ్ళే అందరినీ తనిఖీ చేసుకుంటే, బయటి ఇన్‌స్పెక్టరు కొందరిని మాత్రం చూసేలా పెట్టారు. తెలివైన ఏర్పాటే. చిక్కల్లా ఆ లోపలి వ్యవస్థని నడిపేది చాలాచోట్ల ఎగుమతిదారో, మధ్యలో సేవలందించే సంస్థో. సర్టిఫికెట్టు వాళ్ళ చేతిలో ఉంటుంది. రైతు పక్క సంతలో ఎక్కువ ధరకి అమ్ముకోబోతే అది మామూలు సరుకైపోతుంది. పొలం రైతుది, చేతులు రైతువి, పేరు ఇంకొకళ్ళది.

మన ఫీల్డులో సీఎంఎం ఎవరూ మర్చిపోలేదనుకుంటాను. 1991లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో కార్నెగీ మెలన్ వాళ్ళు తయారు చేస్తే, 2000ల మొదట్లో లెవెల్ 5 కంపెనీల్లో ఎక్కువ భాగం మన దేశంలోనే తేలాయి. దూరాన ఉన్న కొనుగోలుదారుకి మనం తెలీదు, కాయితం తెలుసు. దానివల్ల మనకి పనులొచ్చాయి, నిజమే. ఆడిట్‌కి ముందు వారం పాత తేదీలతో డాక్యుమెంట్లు పుట్టించిన మిత్రులు కూడా ఉన్నారు, అదీ నిజమే.

కాయితానికి విలువ పెరిగితే దొంగ కాయితమూ వస్తుంది. 2020 అక్టోబరులో గాట్స్ అనే అంతర్జాతీయ వస్త్ర ప్రమాణ సంస్థ, మన దేశం నుంచి 20 వేల టన్నుల సేంద్రియ పత్తికి నకిలీ పత్రాలు బయటపడ్డాయని ప్రకటించింది. ఎలా చేశారో తెలుసా? కాయితం మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ ట్రేస్‌నెట్ సైటుకి అచ్చుగుద్దినట్టున్న ఇంకో సైటు తెరుచుకునేది. ఫిషింగ్ అన్నమాట. పరీక్షించేవాడు పొలం చూడ్డు, పత్తి చూడ్డు, లింకు నొక్కుతాడు.

అయితే కొంత మారుతోంది. చింతపల్లి మండలం గొందిపాకలు ప్రాంతంలో సుమారు 1300 మంది గిరిజన రైతుల కాఫీ, మిరియాలకి జీసీసీ ద్వారా సేంద్రియ ధ్రువీకరణ వచ్చింది. యూరప్ 2022 నుంచి అమలు చేస్తున్న కొత్త చట్టంలో రైతుల గుంపుకి సొంతంగా చట్టబద్ధమైన ఉనికి ఉండాలని పెట్టింది, 2000 మందికి మించకూడదంది. 2025 జనవరిలో మన ఎన్‌పీఓపీ ఎనిమిదో కూర్పు కూడా రైతుల గుంపులకి చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. నామట్టుకు నాకు కొత్త ముద్రలు కనిపెట్టడం కంటే ఇదే పెద్ద మెరుగుదల. దీని మీద ఇంకో రెండు కావాలి. తనిఖీ నివేదిక రైతుకి తెలుగులో చేతికివ్వాలి. కిలోకి రైతుకి ఎంత ముట్టిందో సరుకుతో వెళ్ళే కాయితంలోనే కనబడాలి. డేటాబేసులో ఒక కాలమ్ చేర్చడం ఎంత పనో మీకు తెలుసు, దాన్ని చేర్చడానికి ఎవరు ఒప్పుకోరో కూడా ఊహించగలరు.

ఈ ఒప్పుకోకపోవడం ఎంత ఖరీదో తెలియాలంటే 2025 ఆగస్టు చూడాలి. అరకు మండలంలో కాఫీ కాయ తొలుచు పురుగు కనబడింది. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ కోయించి, మరిగే నీళ్ళలో వేసి పూడ్చి పెట్టించారు. నష్టపరిహారం ప్రభుత్వం ప్రకటించింది. పొట్లం మీద ‘రసాయనాలు లేవు’ అని చదివి ఎక్కువ డబ్బు పెట్టి కొన్న దూరదేశపు కస్టమరుకి, ఆ ఏడాది పంట పోగొట్టుకున్న రైతు ఉంటాడన్న సంగతి ఆ పొట్లం మీద ఎక్కడా ఉండదు.