కవీతె రేవు – ముగ్గురు గురువులు

వేదాంత కళాశాలలో మాకు ఆసియా సంఘ చరిత్ర చెప్పిన సంవత్సరము ఫిలిప్పీను దీవులకు దక్కినది ఒకటిన్నర పేజీ మాత్రమే. అందులో ఒక వాక్యము నా నోటు పుస్తకములో ఇప్పటికీ ఉన్నది. 1872లో అక్కడ ముగ్గురు గురువులకు ప్రభుత్వము మరణశిక్ష విధించినదని ఆ వాక్యము. ఎందుకు విధించినదో పరీక్షకు అవసరము లేదు గనుక మేమెవరమూ అడుగలేదు. సేవలో ప్రవేశించి ఇన్ని సంవత్సరములైన తరువాత, ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు ఆ పాత ప్రశ్నే ముందు గుర్తుకు వచ్చినది. జవాబు వెదకుచూ పోగా అది రాజధాని మనీలాలో కాక, దాని అఖాతమునకు దక్షిణపు ఒడ్డున ఉన్న కవీతె అనే రేవు పట్టణములో దొరికినది.

కవీతెను పటములో చూస్తే సముద్రములోనికి చాచిన సన్నని నేల, చివర వంకర తిరిగి కొక్కెమువలె కనబడుతుంది. తగాలోగు భాషలో 'కావిత్' అంటే కొక్కెమే. ఆ మాటే స్పెయినువారి నోట కవీతె అయినది. కొక్కెపు కొసకు సాంగ్లే పాయింటు అని పేరు. సాంగ్లేలు అంటే అక్కడికి వర్తకమునకు వచ్చిన చైనావారు. పేరులోనే పాత వర్తకము నిలిచిపోయినది. 1571లో స్పెయినువారు మనీలాను పట్టుకొన్న తరువాత, గాలివానల నుండి పెద్ద ఓడలకు చాటు దొరికే స్థలము ఇదేనని గ్రహించి ఇక్కడ రేవును, ఓడలు కట్టే కార్ఖానాను, ఆయుధశాలను నెలకొల్పారు. 1609లో మొదలుపెట్టిన సాన్ ఫెలిపె కోట 1616 నాటికి పూర్తయినది. అది ఇప్పటికీ నౌకాదళపు ఆవరణలో నిలిచి ఉన్నది.

1565 నుండి 1815 వరకు, అనగా రెండువందల యేభై సంవత్సరములు, మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య పెద్ద తెరచాప ఓడలు తిరిగినవి. వాటిని గాలియన్లు అంటారు. పోయేటప్పుడు చైనా పట్టు, పింగాణి, సుగంధ ద్రవ్యములు. వచ్చేటప్పుడు మెక్సికో వెండి. పోయే సరుకులో మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు కూడా ఉండేవి. మద్రాసు నుండి ఇంగ్లీషు వర్తకులు ఇతర దేశముల జెండాలు కట్టి, రహస్యముగానే, ఆ బట్టలను మనీలాకు చేర్చేవారు. మన మగ్గముల మీద నేసిన గుడ్డ మెక్సికో దొరసానుల ఒంటి మీదికి చేరే దారిలో ఈ రేవు ఒక మజిలీ అన్నమాట.

గాలియన్లలో చాలా వాటిని కట్టినది ఈ కవీతెలోనే. చరిత్ర పుస్తకములు ఆ ఓడల బరువును, అవి మోసిన వెండిని చెప్పి ఊరుకొంటాయి. కట్టినవారి మాట కొంచెము చెప్పాలి. పదహారు మొదలు అరువది ఏండ్ల లోపు దేశీయ పురుషులందరూ సంవత్సరమునకు నలుబది రోజులు ప్రభుత్వమునకు పనిచేయవలెనని చట్టము. దానిని 'పోలో' అన్నారు. మన పెద్దలకు తెలిసిన మాటలో చెప్పవలెనంటే వెట్టి. మన సంఘములలో ఆ మాటకు అర్థము విడమరచి చెప్పనక్కరలేదనుకొంటాను. అడవులలో చెట్లు నరకడము, దుంగలను కొండల మీద నుండి సముద్రపు ఒడ్డుకు లాగడము, కార్ఖానాలో చెక్కడము, ఇదంతా ఆ వెట్టి మీదనే జరిగినది. కూలి ఇస్తామన్నది కాగితము మీద మాట. చేతికి అందేది తక్కువ, కొన్నిసార్లు ఏమీ లేదు.

1649లో సమర్ దీవి ప్రజలను ఇళ్లు వదిలి ఈ కవీతె కార్ఖానాకు రావలసినదని ఆజ్ఞ వచ్చినది. పలాపాగ్ గ్రామములో సుమురోయ్ అనే మనిషి నాయకత్వాన వారు తిరుగబడ్డారు. ఆ తిరుగుబాటులో మొదట చంపబడినవాడు అక్కడి గురువు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు కూర్చున్నాను. ఆజ్ఞ ఇచ్చినవాడు మనీలాలోని గవర్నరు. కాని పల్లె ప్రజల కళ్లకు ప్రభుత్వమూ గుడీ ఒకటిగానే కనబడినవి. మరుసటి సంవత్సరము సుమురోయ్‌ను చంపి తిరుగుబాటును అణచివేశారు. 1660లో పంపాంగా ప్రాంతములో కలప నరికేవారు ఇటువంటి కారణముతోనే మళ్లీ లేచారు.

రేవు పట్టణము గనుక అన్ని జాతులూ అక్కడ కలిశాయి. స్పెయిను సిపాయిలు, మెక్సికో నుండి వచ్చినవారు, చైనా వర్తకులు, తగాలోగు కూలీలు ఒకరితో ఒకరు మాటలాడుకొనగా స్పానిషు మాటలతో ఒక కొత్త భాష పుట్టినది. దానిని చవకానో అంటారు. సమీపములోని తెర్నాతె అనే ఊరిలోనూ ఇదే భాష ఉన్నది. మొలక్కా దీవుల నుండి స్పెయినువారితో వచ్చిన క్రైస్తవ కుటుంబములు స్థిరపడిన ఊరు అది. తాము వదిలివచ్చిన దీవి పేరునే ఊరికి పెట్టుకొన్నారు.

మనకు ఇంకొక సంబంధము కూడ ఉన్నది. 1762లో ఇంగ్లీషువారు మనీలా మీద దండెత్తినప్పుడు ఆ నౌకలు బయలుదేరినది మద్రాసు నుండే. మద్రాసు సైన్యపు సిపాయిలు అందులో ఉన్నారు. అక్టోబరులో మనీలా, వెంటనే కవీతె వారి వశమైనవి. 1764లో ఇంగ్లీషువారు తిరిగిపోయినా కొందరు సిపాయిలు మనీలా దగ్గర కైంతా అనే ఊరిలో ఉండిపోయి అక్కడి స్త్రీలను వివాహమాడారు. వారి సంతతి నేటికీ ఆ ఊరిలో ఉన్నది.

ఇక ఆ ముగ్గురు గురువుల సంగతి.

ఫిలిప్పీను దీవులలో పారిష్‌లు, మన మాటలో పాస్టరేట్లు, ఎవరి చేతిలో ఉండవలెననే వివాదము చాలా పాతది. సన్యాస సంఘములకు చెందిన స్పెయిను గురువులు సువార్త మొదటిసారి వచ్చిన కాలము నుండి వాటిని పట్టుకొని ఉన్నారు. ఆ నేలపై పుట్టిన గురువులు తయారైన తరువాత వారికి అప్పగించి తప్పుకోవలసినదే కదా! జరిగినది దానికి విరుద్ధము. 1849లో రాజాజ్ఞ చేత కవీతె ప్రాంతములోని ఏడు పారిష్‌లను దేశీయ గురువుల నుండి తీసి సన్యాస సంఘములకు ఇచ్చారు. దీనిని ఎదిరించినవారిలో పెద్ద దిక్కు పేద్రో పెలాయెజ్ అనే గురువు. 1863 భూకంపములో మనీలా కతీడ్రలు కూలినప్పుడు ఆయన దాని క్రింద మరణించాడు. ఆయన వదిలిన పనిని ఆయన శిష్యుడు హోసె బుర్గోస్ అందుకొన్నాడు. కవీతె పట్టణమునకు దగ్గరనే ఉన్న బాకోర్‌లో 1824 నుండి గురువుగా ఉన్న మరియానో గోమెజ్ ఈ విషయములో అందరికన్న పెద్దవాడు.

వీరు అడిగినది తిరుగుబాటు కాదు, రాజ్యము కాదు. తమ ప్రజల మధ్య తాము గురువులుగా ఉండుటకు హక్కు. పిటిషన్లు వ్రాశారు, పత్రికలలో వాదించారు. అంతే.

1872 జనవరి 20 రాత్రి కవీతె ఆయుధశాలలో సుమారు రెండువందలమంది సిపాయిలు, పనివారు సాన్ ఫెలిపె కోటను పట్టుకొన్నారు. నాయకుడు లా మద్రీద్ అనే సార్జంటు. కారణము చాలా చిన్నదిగా కనబడుతుంది. ఆయుధశాల పనివారికి పన్ను నుండి, వెట్టి నుండి ఎంతో కాలముగా మినహాయింపు ఉండేది. గవర్నరు ఇస్కియెర్దో దానిని తీసివేశాడు. జీతము చేతికి వచ్చిన రోజున పన్ను తగ్గించి ఇచ్చారు. మనీలాలో ఒక పండుగకు కాల్చిన బాణసంచాను చూచి, అక్కడివారు కూడ లేచారనుకొని వీరు తొందరపడ్డారని చెప్పుతారు. రెండు రోజులలో అంతా అణగిపోయినది.

ప్రభుత్వము దీనిని జీతముల గొడవగా చూడలేదు. పెద్ద కుట్ర అన్నది. కుట్రకు మూలము దేశీయ గురువులే అన్నది. బుర్గోస్, గోమెజ్, హసింతో జమోరా అనే ముగ్గురిని బంధించారు. జమోరాకు చీట్లాట పిచ్చి ఉండేదనీ, ఆటకు పిలుస్తూ స్నేహితుడు వ్రాసిన చీటీలో మందు, తూటాలు అనే మాటలు ఉండగా దానినే సాక్ష్యముగా తీసుకొన్నారనీ అంటారు. మందు, తూటాలు అంటే ఆటలో పెట్టే డబ్బు! నవ్వు రావలసిన చోట మనిషి ప్రాణము పోయినది.

1872 ఫిబ్రవరి 17 ఉదయము మనీలాలో బాగుంబాయాన్ అనే మైదానములో వేలమంది చూస్తుండగా ముగ్గురినీ గర్రోటె మీద, అనగా మెడకు ఇనుప పట్టీ బిగించి చంపారు. గోమెజ్‌కు 72 సంవత్సరములు. జమోరాకు 36, భయముతో అప్పటికే మతి తప్పినదంటారు. చివరివాడు బుర్గోస్, 35. వారి గురుత్వపు వస్త్రములను తీసివేయవలసినదని గవర్నరు కోరగా ఆర్చిబిషప్పు మెలితోన్ మార్తీనెజ్ ఒప్పుకొనలేదు. ఆయనా స్పెయినువాడే. గురువుల వస్త్రములతోనే వారు మరణించారు. ఆ ఘడియలో గుళ్ల గంటలు మ్రోగినవి ఆయన ఆజ్ఞ మీదనే. ఈ ఒక్క మనిషిని గురించి మన పాఠములో ఒక్క మాటైనా ఉండవలసినదని నాకు తోస్తుంది.

బుర్గోస్ ఇంట ఉండి చదువుకొన్న పాసియానో అనే విద్యార్థికి పది సంవత్సరముల తమ్ముడుండేవాడు. అతడే హోసె రిజాల్. 1891లో అచ్చయిన తన రెండవ నవలను రిజాల్ ఆ ముగ్గురికీ అంకితము చేశాడు. అంకితములో వారి వయస్సులూ, తేదీ తప్పుగానే పడినవి గాని ఆ పుస్తకము ఎంత పని చేయవలెనో అంత చేసినది. 1896 డిసెంబరు 30న అదే మైదానములో అతనిని కాల్చి చంపారు. అంతకు ముందే సెప్టెంబరు 12న కవీతెలో పదముగ్గురిని కాల్చారు. వారిలో దర్జీ ఉన్నాడు, గడియారములు బాగుచేసేవాడు ఉన్నాడు, మందుల షాపు నడిపేవాడు ఉన్నాడు.

తరువాతి సంగతులు ప్రపంచమునకు తెలిసినవే. 1898 మే 1న కవీతె ఎదుటనే అమెరికా నౌకలు స్పెయిను నౌకలను ముంచివేశాయి. జూన్ 12న పాత కవీతె అనబడే కావిత్ గ్రామములో అగినాల్దో తన ఇంటి నుండి స్వాతంత్ర్యము ప్రకటించాడు. కాని స్పెయిను పోయి అమెరికా వచ్చినది. దేశీయ గురువుల ప్రశ్న మాత్రము అణగలేదు. 1902లో అగ్లిపాయ్ అనే గురువు నాయకుడుగా ఫిలిప్పీను స్వతంత్ర సంఘము రోమునుండి వేరుపడినది. మన దేశములో అజరయ్యగారిని దోర్నకల్ బిషప్పుగా అభిషేకించినది 1912లో. అప్పుడు కూడ ఎంతమంది దొరలు వద్దన్నారో మన పెద్దలు చెప్పగా విన్నవారు ఈ సంఘములో ఇంకా ఉన్నారు.

పాత కవీతె ఇప్పుడు లేదు. 1941 డిసెంబరు 10న జపాను విమానములు అమెరికా నౌకాశ్రయము మీద బాంబులు వేయగా పట్టణము తగులబడి వందలమంది చనిపోయారు. 1945లో అమెరికావారి బాంబులకు మిగిలినది కూలినది. ప్రాకారము లోపలి రాతి గుళ్లలో సాంతా మోనికా గంటగోపురము ఒక్కటి మిగిలినది. సాంగ్లే పాయింటును అమెరికావారు 1971లో అప్పగించి పోయారు. చవకానో ఎక్కువగా వృద్ధుల నోటనే వినబడుతున్నది.

బాకోర్‌లో గోమెజ్ నలుబది ఎనిమిది సంవత్సరములు సేవచేసిన గుడి మాత్రము ఉన్నది. అక్కడ ఆరాధన జరుగుచున్నది. నడిపించేవారు ఆ నేలపై పుట్టిన గురువులే.