నిద్రపుచ్చి కోసిన రోజులు

జనవరి 4 ప్రపంచ హిప్నాటిజం దినోత్సవమట. 2026లో అది ఆదివారమే పడింది. ఇంకేముంది, అనుబంధానికి ఒక వ్యాసం కావాలని, అందులో శ్రీకాకుళం, విజయనగరం ఉండాలని కబురొచ్చింది. గడువు చిన్నది, కాలం పెద్దది. అంచేత కొన్ని శతాబ్దాలను ఒక్క గుక్కలో దాటేస్తాను, ఏమీ అనుకోకండి.

శాలిహుండం కొండ మీద భిక్షువులు కళ్లు మూసుకుని కూర్చున్న రోజుల్లో కళింగ జనం తమ భయాలను ఎవరికి చెప్పుకునేవారో ఏ శాసనమూ రాయలేదు. ముఖలింగంలో అఖండ దీపాలకు ఎవరు ఏం దానం చేశారో రాతి మీద ఉంది గానీ, ఆ దీపం ముందు నిలబడ్డవాడి గుండెదడ గురించి ఒక్క అక్షరం లేదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ తర్వాత విజయనగరంలో పైడితల్లి వెలిసింది. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను తిరిగేటప్పుడు డప్పు దరువుకి ఆడవాళ్లకి పూనకాలు వస్తాయి. మనిషి మెలకువలోనే ఇంకో స్థితికి వెళ్తాడని మన జనం పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఏటా కళ్లారా చూస్తున్నారు.

పల్లెల్లో వైద్యం సంగతి చూస్తే, గాలి సోకిందంటే వేపమండతో పైనుంచి కిందకి నిమిరేవారు, ఏదో గొణిగేవారు, నెత్తి మీద ఊదేవారు, నుదుట బూడిద పెట్టేవారు. కొండల మీద ఆ పని ఎజ్జోడిది. చిల్లంగి (చేతబడి) అనే మాట వస్తే ఆ ఊళ్లలో ఈ రోజుకీ గొంతు తగ్గుతుంది. ఇక సవర గిరిజనుల ఆచారం ఇంకో ఎత్తు. పూజారో పూజారిణో ఒళ్లు మరిచిన స్థితిలోకి వెళ్తే, చనిపోయిన మనిషి ఆ నోటితోనే మాట్లాడతాడు. బతికున్నవాళ్లు చుట్టూ చేరి ప్రశ్నలడుగుతారు, తగువు పెట్టుకుంటారు, ఏడుస్తారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒడిశా సవరల మధ్య ఏళ్ల తరబడి ఉండి, 1993లో ఈ సంభాషణల మీదే ఒక పెద్ద పుస్తకం వేశాడు. అంతకు చాలా ముందే మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మేష్టరీ చేసుకుంటూ సవర భాష నేర్చి, నిఘంటువు కట్టారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషికి ఆ జనం మాట వినే ఓపిక ముందు నుంచీ ఉందన్నమాట.

విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ తర్వాత పెంచి రాసినప్పుడు, అందులో పూజారి గవరయ్య అని ఒక భూతవైద్యుడు కనిపిస్తాడు. దెయ్యాలు పట్టడం అతని వృత్తి. ఎదుటివాడి భయమే అతని పెట్టుబడి. ఆ రంగం వేసినప్పుడు జనం కడుపుబ్బ నవ్వుతారు. ఇంటికెళ్లాక పిల్లాడికి దిష్టి తీస్తారు.

ఇక అసలు కథకి వస్తాను. ఇది చికాకోలులో (నేటి శ్రీకాకుళంలో) జరగలేదు, విజయనగరంలోనూ జరగలేదు. బెంగాల్లో, హుగ్లీలో జరిగింది. అయినా ఈ వ్యాసంలో దానికే పెద్దపీట వేస్తున్నాను. ఎందుకంటే ఆ కథలో ఉన్న జబ్బు మనది. బోదకాలు, వరిబీజం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాటలు తెలియని ఇల్లు ఉండదు. ఫైలేరియా వాళ్లు రాత్రిపూట లాంతరు పట్టుకొచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీయడం, 2004 నుంచి ఏళ్ల తరబడి ఇంటింటికీ వచ్చి కళ్ల ముందే మాత్రలు మింగించడం మనకి ఎరుకే. దోమ ఈ జబ్బు పురుగును మోస్తుందన్న సంగతి 1877లో ప్యాట్రిక్ మాన్సన్ చైనాలో కనిపెట్టాడు. మన కథ దానికి 32 ఏళ్ల ముందుది. అప్పటికి మత్తుమందు కూడా లేదు. వరిబీజం కొండలా పెరిగితే రెండే దారులు: అలాగే మోసుకుని తిరగడం, లేదా నలుగురు పట్టుకుంటే కేకలు పెడుతూ కోయించుకోవడం.

జేమ్స్ ఎస్డేల్ స్కాట్లాండు మనిషి, 1808లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చి హుగ్లీలో ఇమాంబరా ఆసుపత్రి చూసేవాడు, జైలు ఖైదీల వైద్యమూ అతనిదే. 1845 ఏప్రిల్ 4న మాధబ్ కౌరా అనే ఖైదీని తెచ్చారు. పందుల వ్యాపారి, ఒకణ్ణి గాయపరిచి ఏడేళ్ల శిక్ష మోస్తున్నాడు. రెండు వైపులా వరిబీజం. ఒక వైపు నీరు తీసి లోపలికి ఘాటు మందు ఎక్కించేసరికి మనిషి నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. ఆ కాలపు వైద్యమది.

ఎస్డేల్ పక్కనున్న సహాయకుడు బదన్ చంద్ర చౌధురి వైపు తిరిగి, మెస్మరిజం ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. మెడికల్ కాలేజీలో ఎవరో చేశారు, ఏమీ కాలేదు అన్నాడతను. ఎస్డేల్ అసలు చూడనే లేదు, చదివాడంతే. వియన్నాలో మెస్మర్ అనే డాక్టరు ఇది మొదలుపెట్టాడనీ, 1784లో ఫ్రాన్సు రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజే వంటివారు కూర్చుని ఇందులో అయస్కాంతమూ లేదు, గియస్కాంతమూ లేదు, అంతా ఊహే అని తేల్చారనీ అతనికి తెలిసే ఉండాలి. తేలిస్తే తేల్చారు. ఖైదీ ఎదురుగా కూర్చుని, తల మీంచి పొట్ట దాకా చేతులు తిప్పడం మొదలుపెట్టాడు. అరగంట గడిచింది, ఏమీ లేదు. ఇంకొకడైతే లేచిపోయేవాడు. ఇతను పట్టు వదల్లేదు. కాసేపటికి మాధబ్ మాట మందగించింది, ఆవలింతలొచ్చాయి, పిలిస్తే పలకడం మానేశాడు. సూదులతో గుచ్చారు, కదల్లేదు. మోకాలికి నిప్పు తగిలించారు, కదల్లేదు. అమ్మోనియా ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పలేదు. అప్పుడు ఎస్డేల్ చేసిన తెలివైన పని, జడ్జిగారినీ కలెక్టరుగారినీ పిలిపించి చూపించడం. ప్రభుత్వోద్యోగంలో ఉన్నవాడికి సాక్షి విలువ తెలుసు.

ఆ తర్వాత ఎనిమిది నెలల్లో నొప్పి తెలియకుండా 73 ఆపరేషన్లు చేశానని అతను లెక్క చూపించాడు. అందులో వృషణాల సంచి గడ్డలు 8 పౌన్ల నుంచి 80 పౌన్ల దాకా ఉన్నాయి. 80 పౌన్లంటే 36 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి, దాని మీద ఇంకో సగం బస్తా, కాళ్ల మధ్య వేలాడదీసుకుని నడిచే మనిషిని ఊహించుకోండి.

ఎలా చేసేవారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చీకటి గది. రోగి వెల్లకిలా పడుకుంటాడు. తల వైపు ఒకడు కూర్చుని, మొహం మీద మొహం వంచి, చేతులు పైనుంచి కిందకి నెమ్మదిగా పోనిస్తూ, మధ్య మధ్య కళ్ల మీదా నెత్తి మీదా ఊపిరి వదులుతాడు. ఒక్క మాట ఉండదు. రెండు గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. ఒక రోజులో కాకపోతే మర్నాడు మళ్లీ, అలా పది రోజులైనా సరే. ఎస్డేల్ ఒంట్లో కొద్ది రోజుల్లోనే ఓపిక అయిపోయింది. అప్పట్నుంచి ఈ పని ఆసుపత్రిలో కట్లు కట్టే, మందులు కలిపే కుర్రాళ్లకి అప్పగించాడు. హిందువులు, ముస్లిములు ఇద్దరూ ఉన్నారు అందులో. డాక్టరు చివర్లో కత్తితో వచ్చేవాడు. పేరు డాక్టరుదే మిగిలింది.

బెంగాల్లో పేరున్న ఒక మంత్రగాణ్ణి కూడా అతను పిలిపించుకున్నాడు. ఆకుల కొమ్మ, చేత్తో నిమరడం, ఊదడం చూసి, ఇది నేను చేస్తున్నదే కదా అని ఆశ్చర్యపోయాడు. మా వేపమండ పెద్దమనిషి హుగ్లీ వెళ్లి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు. కన్సల్టేషన్ ఫీజు ఎంతని అడిగేవాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే మనసాగదు. ఒక మంగలి ఓ కుర్రాణ్ణి ఏదో చేసి వెంట తీసుకుపోయాడని హుగ్లీ కోర్టులో కేసు వచ్చింది. మనిషిని అలా మత్తులో నడిపించుకుపోవడం సాధ్యమేనా అని మేజిస్ట్రేటు ఎస్డేల్‌ని అడిగాడు. సాధ్యమే అని ఊరుకోకుండా, కోర్టులోకి తెప్పించిన మనుషులను వాళ్లకి ముందు చెప్పకుండానే, అందరి ఎదుటా మత్తులోకి దించి చూపించాడు. వశీకరణ పొడి చల్లి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని మన బస్టాండుల్లో లేచే పుకార్లకు ముత్తాత ఈ కేసు.

1846లో బెంగాల్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ నిజాయితీగానే రాసింది. నొప్పి లేకుండా కోస్తున్న మాట నిజమే, కానీ కొందరు కోతప్పుడు చేతులు కొట్టుకున్నారు, మొహం నొప్పితో వంకర్లు పోయింది, లేచాక మాత్రం ఏమీ తెలియలేదన్నారు. తెలియలేదో, గుర్తులేదో, దొరగారి ముందు అనలేకపోయారో, ఈ మూడింటికీ తేడా ఇప్పటికీ పరిశోధకులను తికమక పెడుతోంది. ఏమైతేనేం, కలకత్తాలో ఏడాది పాటు ఒక మెస్మరిక్ ఆసుపత్రి నడిపేందుకు అనుమతి వచ్చింది. ఆ గడువు తీరాక నగరవాసులే చందాలు వేసుకుని ఇంకొంత కాలం నడిపించారు.

అయితే 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథరుతో ఆపరేషన్ చేసేశారు. 1847 మార్చికి ఈథర్ కలకత్తా చేరింది. దాని వెనకే క్లోరోఫాం. పది రోజుల ఓపికతో జరిగే పని సీసా మూత తీస్తే నిమిషాల్లో అయిపోతుంటే ఎవరు ఆగుతారు? ఎస్డేల్ 1851లో దేశం వదిలాడు, 1859లో చనిపోయాడు. హుగ్లీ ముచ్చట మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన వైపు వచ్చిన జాడ నాకు కనబడలేదు. మనకి 1871లో వాల్తేరులో పిచ్చాసుపత్రి వచ్చింది, 1923లో విశాఖ మెడికల్ కాలేజీ వచ్చింది, వాటితో పాటు మత్తు సీసాలూ వచ్చాయి.

ఆ సీసా వద్దన్న మనిషి ఒకడు మాత్రం ఇక్కడివాడే. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. (వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జిల్లాలు విడదీసినప్పుడల్లా మహానుభావులను కూడా పంచుకోవాల్సి వస్తోంది.) విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, అక్కడే బళ్లో వ్యాయామం నేర్పి, పొట్టి పంతులుగారితో కలిసి సర్కస్ పెట్టాడు. ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం చూసి జనం కలియుగ భీముడన్నారు. జీవిత చరమాంకంలో కాలికి పుండు లేచి, కాలు తీసేయాల్సి వచ్చింది. క్లోరోఫాం అక్కర్లేదని చెప్పి, ప్రాణాయామం పట్టి కూర్చుంటే డాక్టర్లు కాలు తీశారని మన వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, బలాంగీరులో కన్నుమూశాడు. నేటి హిప్నాటిస్టులు దీన్ని స్వీయ సమ్మోహనం అంటారు. నాయుడుగారు వింటే ఆ ముక్కకి మీసం మెలేసేవారు. ఆయన దృష్టిలో అది ఊపిరి మీద చేసిన సాధన. శ్రీకాకుళంలో ఆయన పేరిట ఉన్న స్టేడియంలో పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్లలో ఎందరికి ఈ కాలు సంగతి తెలుసో అనుమానమే.

ఇక్కడి దాకా కథ ఓ వరసలో నడిచింది. తర్వాత చిక్కులు పడింది. 1980ల్లో యండమూరి నవల తులసిదళం చదివి చేతబడి భయంతో నిద్ర పట్టనివాళ్లు చదువుకున్న ఇళ్లలోనే తయారయ్యారు. అదే దశకంలో కాలేజీ వార్షికోత్సవాలకి హిప్నాటిస్టులొచ్చేవారు. వేదిక మీద కుర్రాడు పచ్చి ఉల్లిపాయను ఆపిల్ పండనుకుని కొరికితే హాలు దద్దరిల్లేది. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వాళ్లు అవే కాలేజీల మైదానాల్లో అరచేతిలో కర్పూరం వెలిగించి, ఇందులో మహిమ లేదు అని చెప్పేవారు. జనం రెండింటికీ చప్పట్లు కొట్టారు. కాకినాడలో ఇంద్రజాలం నేర్చిన బి.వి.పట్టాభిరామ్ మేజిక్ నుంచి హిప్నాటిజానికి, అక్కణ్ణుంచి మనస్తత్వ శాస్త్రానికి జరిగి, పరీక్షల భయం, సభాపిరికితనం లాంటివి సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చని తెలుగిళ్లకి నేర్పారు. 2025 జూన్ 30న ఆయన పోయారు.

2003 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, తగిన శిక్షణ ఉన్నవాళ్లు చేస్తే హిప్నోథెరపీ ఒక చికిత్సా పద్ధతేనని ఉత్తర్వులో పేర్కొంది. విదేశాల్లో ఇది ఆసుపత్రుల్లోకి వచ్చింది. 1984లో మాంచెస్టరులో పీటర్ వోర్వెల్, ఎడతెగని పేగు నొప్పితో బాధపడే రోగులకు హిప్నాటిజం మేలు చేస్తుందని చూపించాడు. సూదంటే భయం, లిఫ్ట్ అంటే భయం, పళ్ల డాక్టరు కుర్చీ అంటే భయం ఉన్నవాళ్లకి వాడే తీరు సాదాగానే ఉంటుంది. ముందు ఒళ్లు సడలించి ధ్యాసను ఒక్కచోటికి తెస్తారు. ఆ స్థితిలో భయపెట్టే వస్తువును కొద్దికొద్దిగా ఊహలోకి రప్పిస్తారు, గుండె దడ తగ్గాక ఇంకో మెట్టు ఎక్కిస్తారు. మనిషి నిద్రపోడు, మాటలన్నీ వింటూనే ఉంటాడు. అందరికీ పట్టదు. తీవ్రమైన మానసిక జబ్బుల్లో దీన్ని వాడరు. పాత జ్ఞాపకాలు తవ్వి తీస్తామనే మాట నమ్మదగ్గది కాదు, లేనివి కూడా ఉన్నట్టు పుట్టుకొస్తాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను ఊడబెరికిపోయింది. గాలి హోరు వింటే ఇంకా ఉలిక్కిపడేవాళ్లు ఏం చేయాలంటే, 2022 నుంచి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇలాంటి పెద్దాసుపత్రుల ఓపీ గది బయట వరస చూస్తే మాత్రం హుగ్లీ కుర్రాళ్లు గుర్తొస్తారు. ఒక్క రోగి తల దగ్గర రెండేసి గంటలు కూర్చునేంత తీరిక ఇప్పుడు ఏ డాక్టరుకూ లేదు. ఉన్న కాస్త సమయంలో పేరు, వయసు, నిద్ర పడుతోందా అని అడిగి మాత్ర రాయగలరు. గంట సేపు కూర్చుని చేసే పని ప్రైవేటు గదుల్లోకి, ఆన్‌లైన్ సెషన్లలోకి వెళ్లిపోయింది. అక్కడ బోర్డు మీద డాక్టర్ అని ఉంటే ఆ డాక్టరేటు వైద్యంలోనా, ఇంకెందులోనైనానా అని ఫీజు కట్టే ముందే అడగాలి.